దేశం దాటినా ఆగని గొంతులు: మా పాడ్‌కాస్ట్ పని డైరీ

ఏప్రిల్, రెండో వారం

సొంత దేశంలో నోరు నొక్కేస్తే బయటి దేశానికి వెళ్లిపోయి, అక్కణ్ణుంచి మళ్లీ తమ దేశానికే వార్తలు వినిపిస్తున్న విలేకరులు చాలామంది ఉన్నారు. వాళ్ల గురించి తెలుగులో ఒక ఆడియో సిరీస్ మొదలుపెట్టాం. వాళ్ల కథలు చెప్పడం ఇందులో సగం పని. మిగతా సగం, వాళ్లు వాడే పద్ధతుల్లోనే మా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లొచ్చిన ఆడవాళ్ల మాటలు రికార్డు చేయడం.

ఈ రెండింటికీ సంబంధమేమిటని చాలామంది అడుగుతున్నారు. దేశం దాటిన విలేకరి తను ధైర్యంగా మాట్లాడగలడు. కానీ అతనికి సమాచారం ఇచ్చినవాడు లోపలే ఉంటాడు. వినేవాడూ లోపలే ఉంటాడు. దెబ్బ పడేది వాళ్లిద్దరి మీద. మా ఊళ్లోనూ అంతే. కువైట్ నుంచి తిరిగొచ్చిన మనిషి ఇంటికి చేరింది, కానీ ఆమె చెల్లెలు ఇంకా అక్కడే ఒక ఇంట్లో పనిచేస్తోంది. పంపిన ఏజెంటు పక్క వీధిలోనే ఉంటాడు. ఆమె మాట్లాడితే ఎవరికి ఏమవుతుందో లెక్క వేసుకున్నాకే మైకు ఆన్ చేయాలి. ఈ లెక్క వేయడం ఎలాగో ప్రవాసంలో ఉన్న విలేకరుల కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

నేను ఈ మండలాల్లో చాలా ఏళ్లు కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రికకి ఊరి వార్తలు పంపే విలేకరిగా పనిచేశాను. గల్ఫ్‌లో ఇరుక్కుపోయిన ఆడమనిషి వార్త జిల్లా పేజీలో ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చేది. సెల్ఫీ వీడియో, కన్నీళ్లు, కలెక్టరుగారికి వినతిపత్రం. ఆమె పేరు, ఊరు, భర్త పేరు, ఫొటో అన్నీ పడేవి. ఆ వీడియో తిరిగి తిరిగి కువైట్‌లో ఆ ఇంటివాళ్ల ఫోనులోకి చేరితే ఆమె గతేమిటని డెస్కులో ఎవరూ అడిగేవారు కాదు.

టీమ్ చిన్నది. నేను, డిగ్రీ చదువుతున్న మా అక్క కూతురు (ఎడిటింగ్ అంతా తనదే), రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు, కువైట్‌లో చాలా ఏళ్లు ఇంటిపని చేసొచ్చి ఇప్పుడు టైలరింగ్ షాపు నడుపుకుంటున్న ఒకావిడ. ఆవిణ్ణి మేమంతా అక్క అనే పిలుస్తాం. ఎవర్ని రికార్డు చేయాలి, ఎవర్ని అసలు అడగనే కూడదు అన్న విషయంలో అక్కదే ఆఖరి మాట.

ఏప్రిల్ ఆఖరు

మొదటి భాగం బురుండి మీద. తూర్పు ఆఫ్రికాలోని చిన్న దేశం. అక్కడ వార్తంటే రేడియోనే. 2015లో అధ్యక్షుడు పియెర్ ఎన్‌కురుంజీజా మూడోసారి పోటీకి దిగడంతో జనం వీధుల్లోకొచ్చారు. మే 13న సైన్యంలో ఒక వర్గం తిరుగుబాటుకి ప్రయత్నించి విఫలమైంది. ఆ గొడవల్లోనే ప్రైవేటు రేడియో స్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఎక్కువమంది వినే రేడియో పబ్లిక్ ఆఫ్రికేన్ కార్యాలయం తగలబడింది. ఆ స్టేషన్ డైరెక్టర్ బాబ్ రుగురికా అంతకుముందు జనవరిలోనే జైలుకి వెళ్లొచ్చారు. ముగ్గురు ఇటాలియన్ నన్‌ల హత్య మీద కథనం వేసినందుకు.

ఒక్కసారిగా దేశంలో స్వతంత్ర రేడియో లేకుండా పోయింది. విలేకరులు చాలామంది సరిహద్దు దాటి రువాండా రాజధాని కిగాలీ చేరారు. స్టేషన్ లేదు, ట్రాన్స్‌మీటర్ లేదు, లైసెన్సు లేదు. కొందరు కలిసి ఇన్‌జాంబా అనే పేరుతో బులెటిన్లు రికార్డు చేసి సౌండ్‌క్లౌడ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి అవి వాట్సాప్‌లో ఫోను నుంచి ఫోనుకి బురుండి లోపలికి వెళ్లాయి. లోపలివాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు.

దీన్ని మొదటి భాగంగా ఎందుకు పెట్టామంటే, పాడ్‌కాస్ట్ అనగానే మా వాళ్లకి హెడ్‌ఫోన్లు, రంగు లైట్లు, ఇద్దరు సెలబ్రిటీలు సోఫాల్లో కూర్చున్న దృశ్యమే గుర్తొస్తోంది. అసలు అవసరం ఎలా పుట్టిందో వినిపించాలనుకున్నాం. స్టేషన్ తగలబడ్డా ఫైలు మిగులుతుంది. ఫైలు చేతులు మారుతుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2021లో రువాండా, బురుండితో చెడిన సంబంధాలు బాగుచేసుకుంటూ, తమ నేల మీంచి చేస్తున్న ఆ ప్రసారాలు ఆపమంది. ఆశ్రయమిచ్చిన దేశానికీ దాని లెక్కలుంటాయి. స్క్రిప్టులో ఈ ముక్క ఉండాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఉండాలని నేను పట్టుబట్టాను. అది లేకపోతే కథ సుఖాంతమైపోయి, వినేవాళ్లకి అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

మే, రోహిణి కార్తె

ఈ వారమంతా సాంకేతికం. వివరంగా రాసి పెడుతున్నాను, ఇలాంటి పని చేద్దామనుకునేవాళ్లకి పనికొస్తుంది.

గది: మా ఇంట్లో ధాన్యం బస్తాలు పేర్చిన గది. చుట్టూ బస్తాలుండడంతో గొంతు గోడలకి తగిలి తిరిగి రావడం లేదు. దిమ్మె మీద రెండు బొంతలు పరిచాం. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం మాత్రం నరకమే. పొద్దున్నే అయిదింటికి మొదలెట్టి ఏడు లోపు ముగిస్తున్నాం. ఆ తర్వాత ఎలాగూ పక్క తోటలో కొబ్బరి వలుపు మొదలవుతుంది.

మైకు: చొక్కాకి తగిలించుకునే మామూలు లేపెల్ మైకు, దానికో చిన్న రికార్డరు. ఎడిటింగ్‌కి ఆడాసిటీ, డబ్బు కట్టక్కర్లేదు.

ఫైలు సైజు: దీనికే ఎక్కువ సమయం పట్టింది. మా మాట వినబోయేవాళ్లలో సగం మంది కువైట్, ఒమన్, ఖతార్‌లలో ఇంటిపని చేసేవాళ్లు. నెట్ ప్యాకేజీ చాలా జాగ్రత్తగా వాడుకుంటారు. కొన్ని ఇళ్లలో ఫోను చేతికిచ్చేదే రాత్రి పూట కాసేపు. 12 నిమిషాల భాగాన్ని 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్ల డేటా) మోనో ఎంపీ3గా తీస్తే దాదాపు 5.8 ఎంబీ వస్తోంది. ఓపస్ ఫార్మాట్‌లో 32 కేబీపీఎస్‌కి తీస్తే 3 ఎంబీ లోపే. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పనిచేసేదీ ఓపస్ మీదే. మాట మాత్రమే ఉన్నప్పుడు ఆ నాణ్యత ధారాళంగా సరిపోతుంది. అందుకే నేపథ్య సంగీతం తీసేశాం. మేనకోడలికి కాస్త బాధ కలిగింది. "మావయ్యా, వీణ బిట్ ఎంత బాగా కుదిరిందో" అంది. కుదిరిన మాట నిజమే. కానీ తక్కువ బిట్‌రేటులో సంగీతం మాటని మింగేస్తోంది.

పంపిణీ: వాట్సాప్ గ్రూపు వద్దని మొదటిరోజే అక్క ఖచ్చితంగా చెప్పింది. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. అందులో ఏజెంటు మనిషి ఒక్కడు చేరితే చాలు, ఎవరెవరు వింటున్నారో జాబితా దొరికిపోతుంది. వాట్సాప్ చానల్ పెడితే వినేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు. అదే ఎంచుకున్నాం. దాంతోపాటు మామూలు పాడ్‌కాస్ట్ యాప్‌ల కోసం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (యాప్‌లు చదువుకునే మా భాగాల జాబితా) కూడా ఉంది.

జూన్

ఎరిత్రియా భాగం పూర్తయింది. 2001 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు పత్రికలన్నిట్నీ ఒక్కసారే మూయించి, సంపాదకుల్ని అరెస్టు చేసింది. వాళ్లలో దావిత్ ఐజాక్ అనే ఆయన స్వీడన్ పౌరుడు కూడా. కోర్టు ముందుకి ఒక్కసారీ తేలేదు. 2005లో రెండు రోజులు వదిలి మళ్లీ లోపలేశారు. అప్పట్నుంచి కుటుంబానికి ఒక కబురు లేదు. 2009లో పారిస్ నుంచి కొందరు ఎరిత్రియా విలేకరులు, రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ సాయంతో రేడియో ఎరెనా మొదలుపెట్టారు. ఉపగ్రహం ద్వారా తిగ్రిన్యా, అరబిక్ భాషల్లో ప్రసారం. 2012లో ఆ సిగ్నల్‌ని జామ్ చేశారు.

రికార్డింగ్‌లో మాస్టారు "కుటుంబానికి ఒక కబురు లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయారు. మళ్లీ చదివించాను. మళ్లీ ఆగారు. ఆ ఆగడాన్ని ఎడిటింగ్‌లో తీసేయవద్దని చెప్పాను.

తర్వాత రష్యా. ఇందులో చెప్పాల్సింది చాలా ఉంది. గలీనా తిమ్చెంకో 2014 మార్చిలో లెంటా అనే పెద్ద వార్తా సైటు సంపాదకత్వం నుంచి తొలగింపబడ్డారు. సహోద్యోగులు చాలామంది ఆమెతోపాటే రాజీనామా చేశారు. అదే ఏడాది లాత్వియా రాజధాని రీగా నుంచి మెడూజా మొదలైంది. రాసిన వార్తలతో పాటు పాడ్‌కాస్ట్‌లు కూడా చేస్తారు. 2021లో ప్రభుత్వం మెడూజాకి 'విదేశీ ఏజెంటు' ముద్ర వేసింది. ప్రకటనలిచ్చేవాళ్లు పారిపోయారు. శ్రోతలు, పాఠకులు చందాలతో నిలబెట్టారు. 2023 జనవరిలో 'అవాంఛనీయ సంస్థ' అని ప్రకటించారు. దాంతో రష్యాలో ఉండి ఆ సంస్థకి డబ్బు పంపడమే నేరమైపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో బెర్లిన్‌లో ఉన్న తిమ్చెంకో ఐఫోనులోకి పెగాసస్ అనే స్పైవేర్ (ఫోనులో ఉన్నదంతా గుట్టుగా లాగేసే సాఫ్ట్‌వేర్) చొరబడింది. సెప్టెంబరులో ఆ సంగతి బయటపడింది. ఆమె ఫోనులో ఎవరెవరు మాట్లాడారన్నదే అందరికీ టెన్షన్.

ఆర్‌ఎస్‌ఎస్ గురించి ఈ భాగంలోనే వివరించాం. పాడ్‌కాస్ట్ ఒకే సైటులో ఉండేది కాదు. సర్వర్‌లో ఫైళ్లు, వాటి జాబితా ఒకటి ఉంటాయి. ఏ యాప్ అయినా ఆ జాబితా చదివి ఫైలు తెచ్చుకుంటుంది. సైటుని బ్లాక్ చేసినా యాప్‌లో దొరికే వీలుంటుంది. బలహీనత కూడా అక్కడే. ఎక్కువమంది వాడే యాప్‌లు రెండు మూడే. విదేశీ ఏజెంట్లుగా ముద్రపడ్డ సోన్యా గ్రోయిస్‌మన్, ఓల్గా చురకోవా అనే ఇద్దరు విలేకరులు 2021లో తమ అనుభవాల మీదే ఒక పాడ్‌కాస్ట్ పెట్టారు. 2024లో రష్యా అధికారుల డిమాండ్ మీద ఆపిల్ దాన్ని ఆ దేశంలో తన యాప్ నుంచి తీసేసింది. ఆ విలేకరులు బయటున్నారు, వాళ్ల మాటకి తలుపు మూసింది మాత్రం ఒక కంపెనీ. నాకు చాలా కోపం తెప్పించిన విషయమిది.

పక్కనున్న బెలారస్‌లో వినేవాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. 'తీవ్రవాద' జాబితాలో పెట్టిన మీడియా లింకు ఒకరికి పంపినా జరిమానా వేస్తారు, లేదా కొన్నాళ్లు లోపలేస్తారు. ఫోను తీసి చూపించమంటారు, సబ్‌స్క్రిప్షన్ల జాబితా చూస్తారు. మా పాత వాట్సాప్ గ్రూపు ఆలోచనని అక్క ఎందుకంత గట్టిగా కాదందో, ఈ భాగం స్క్రిప్టు విన్నాక మేనకోడలు నాకంటే బాగా వివరించింది.

జూన్ చివరి వారం

ఈ ప్రాంతం మనిషి గొంతుతో మొదటి రికార్డింగ్. వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆమె ఖద్దామా వీసా (ఇంటిపనివాళ్లకిచ్చే వీసా) మీద వెళ్లింది. అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి) కొట్టించారు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకున్నాడు. ఒప్పందం ఒక ఇంటికి, పని మూడిళ్లలో. వాళ్ల అక్కచెల్లెళ్ల ఇళ్లు కూడా తుడవాలి. జీతం మొదటి కొన్ని నెలలు వచ్చి ఆగింది. అడిగితే "ఏజెంటుకిచ్చాం" అన్నారు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఈ సంగతి ఆమెకి మేము చెప్పేదాకా తెలియదు.

"నాకు ఎవరన్నా చెప్తే కదండీ తమ్ముడూ తెలిసేది. ఇంట్లోంచి చెత్త పారేయడానికి తప్ప గుమ్మం దాటనివ్వలేదు. చట్టం ఉందంటే ఎవరికండీ ఉంది?" అంది.

ఆ మాట అలాగే ఉంచాం. గొంతు మాత్రం ఆమెది కాదు.

గొంతు దాచడం గురించి మొదట అందరూ అనేది, ఫిల్టరు వేసి బొంగురుగా మార్చేయమని. అది పనికిరాదు. స్థాయి మార్చిన గొంతుని మళ్లీ అదే మోతాదులో వెనక్కి తిప్పితే అసలు గొంతుకి చాలా దగ్గరగా వచ్చేస్తుంది. మాట్లాడే తీరు, ఊతపదాలు, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఇవేవీ ఫిల్టరుతో పోవు. మా మండలంలో ఎవరైనా రెండు వాక్యాలు వింటే "ఇది ఫలానావిడే" అనేస్తారు. అందుకే ఆమె మాటల్ని రాసుకుని, మరో ఆడమనిషి చేత చదివించాం. ప్రమాదమున్న చోట్ల పనిచేసే విలేకరులు చాలాకాలంగా చేస్తున్న పద్ధతే. చదివింది నరసాపురం వైపు మనిషి. మా యాసకి దగ్గరే, కానీ ఇక్కడ ఎవరికీ తెలియని గొంతు.

వెనకాల వినపడే శబ్దాలు కూడా ఊరు చెప్పేస్తాయి. సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని, బళ్లని నది దాటించే పెద్ద పడవ) ఇంజను చప్పుడు ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోరు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు, ఫలానా గుడి మైకులో ఫలానా సుప్రభాతం, చర్చి గంట. వైర్లలోంచి వచ్చే సన్నటి కరెంటు హమ్‌ని బట్టి రికార్డింగ్ ఎప్పుడు జరిగిందో లెక్కగట్టే పద్ధతి కూడా ఫోరెన్సిక్ నిపుణుల దగ్గరుంది. తిరిగి చదివిస్తే ఇవన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. ఫైలు వెనకాల దాగుండే తేదీ, ఫోను మోడల్ వంటి వివరాలు కూడా తుడిచేశాకే బయటికి పంపుతున్నాం. అసలు రికార్డింగు ఆమె తుది అనుమతి ఇచ్చిన వెంటనే ఆమె ముందే చెరిపేశాం.

అనుమతి మూడుసార్లు అడుగుతున్నాం. మాట్లాడక ముందు, మాట్లాడాక, పూర్తయిన భాగం విన్నాక. మూడోసారి కాదంటే భాగం లేదు, కారణం అడగం.

ఈ జాగ్రత్తలు మరీ ఎక్కువని ఒక పాత మిత్రుడు అన్నాడు. అతనికి మాల్కమ్ బిదాలీ గురించి చెప్పాను. కెన్యా నుంచి ఖతార్ వెళ్లి సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ, మారుపేరుతో కార్మికుల బతుకు గురించి రాసేవాడు. గదిలో ఎంతమందిని కుక్కుతారో, సెలవు ఎలా ఎగ్గొడతారో, అంతే. 2021 మేలో అతన్ని పట్టుకెళ్లి ఏకాంత నిర్బంధంలో పెట్టారు. తర్వాత 25,000 రియాళ్ల జరిమానా వేశారు. ఆ ఆగస్టులో గానీ దేశం విడిచి బయటపడలేకపోయాడు. రాసింది మారుపేరుతోనే.

జూలై

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంక ఊరిలో ఉన్న ఒకావిడతో మాట్లాడాల్సి ఉంది. కాజ్‌వే మునిగింది, పడవ మీద వెళ్లడం ఆమెకీ ఇబ్బందే. నలుగురి కళ్లూ మా మీదే ఉంటాయి. వాయిదా.

కరెంటు లేదు. స్క్రిప్టులు కాగితం మీద రాస్తున్నాం.

ఆగస్టు

మాస్టారు నన్ను యానాం తీసుకెళ్లారు. ఎదుర్లంక దగ్గర వంతెన మీద బైకు ఆపి గౌతమిని చూపిస్తూ, "ఒకప్పుడు ఈ నది దాటితే బ్రిటిష్ పోలీసు ఆగిపోవాలోయ్" అన్నారు. అవతల ఫ్రెంచి నేల. 1954 దాకా యానాం ఫ్రెంచి పాలనలోనే ఉంది. అదే పాలనలో ఉన్న పుదుచ్చేరికి 1908లో తమిళ కవి, పాత్రికేయుడు సుబ్రహ్మణ్య భారతి వెళ్లిపోయారు. మద్రాసులో 'ఇండియా' పత్రిక మీద రాజద్రోహం కేసు పెట్టి, ప్రచురణకర్తగా పేరున్న మనిషిని జైల్లో వేశారు. తర్వాత వంతు భారతిదే. ఆయన సరిహద్దు దాటి, పత్రికని అక్కడే అచ్చువేసి బ్రిటిష్ ఇండియాలోకి పంపారు. వాళ్లు పత్రికని లోపలికి రాకుండా ఆపేశారు. 1910లో అది ఆగిపోయింది. 1918లో ఆయన తిరిగి బ్రిటిష్ నేల మీద అడుగుపెట్టగానే కడలూరు దగ్గర పట్టుకున్నారు.

ఇది మాకు సిరీస్‌లో కొత్త భాగమైంది. ప్రవాస పాత్రికేయం ఎక్కడో ఆఫ్రికాలో, రష్యాలో పుట్టిన సంగతని వినేవాళ్లు అనుకోకూడదు. మన పత్రికలు కూడా ఒకప్పుడు నది దాటి, ఊరు దాటి అచ్చయ్యాయి. నాకీ సిరీస్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మాస్టారే రాశారు, మాస్టారే చదివారు. నేను ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.

దాని వెంటే మధ్య అమెరికా దేశం నికరాగ్వా. కార్లోస్ ఫెర్నాండో చమోరో కుటుంబానిది పత్రికల కుటుంబం. తండ్రి పెద్రో హోకిన్ చమోరో, లా ప్రెన్సా సంపాదకుడు, 1978 జనవరిలో నడివీధిలో కాల్చి చంపబడ్డారు. కొడుకు నడిపే కాన్ఫిదెన్సియల్ అనే వార్తా సంస్థ కార్యాలయం మీద 2018 డిసెంబరులో పోలీసులు దాడిచేసి ఆక్రమించారు. ఆయన కోస్టారికా వెళ్లారు, 2019 చివర్లో తిరిగొచ్చారు, 2021 జూన్‌లో మళ్లీ వెళ్లిపోవాల్సొచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆయనతో సహా 94 మంది పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేసింది. పుట్టిన దేశం "నువ్వు మా మనిషివి కావు" అని కాగితం రాసి ఇచ్చినా, ఆయన వారం వారం ఆ దేశం వాళ్లతోనే మాట్లాడుతున్నారు. ఈ భాగంలో వ్యాఖ్యానం చాలావరకు తీసేశాం. తేదీలు వరసగా చదివితేనే గొంతు పట్టేస్తోంది.

సెప్టెంబరు

డబ్బు సంగతి. ఒక రిక్రూటింగ్ ఆఫీసు మనిషి వచ్చి, ప్రతి భాగం మొదట్లో తన పేరు చెబితే ఖర్చంతా భరిస్తానన్నాడు. కుదరదని పంపేశాం. విదేశీ గ్రాంటు తీసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అదీ కుదరదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మూడో సెక్షన్ ప్రకారం విలేకరులు, ఆడియో వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు తయారుచేసే సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదు. ఇలాంటి పని మొదలెట్టేవాళ్లు ఈ ఒక్క సెక్షన్ తప్పకుండా చదవాలి.

ప్రవాసంలో ఉన్నవాళ్ల కష్టం దీనికి వేరే రకం. వాళ్లకి సొంత దేశంలో ప్రకటనలు రావు, కొన్నిచోట్ల చందాలివ్వడమూ నేరమే, కాబట్టి గ్రాంట్ల మీద బతకాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేయడంతో చాలా ప్రవాస మీడియా సంస్థలు రాత్రికి రాత్రే జీతాలివ్వలేని స్థితికి వచ్చాయి. ఒక దేశంలో ఎన్నికల్లో ప్రభుత్వం మారితే మరో దేశం వాళ్ల వార్తలు ఆగిపోతాయి. మాకయ్యే ఖర్చు ఫీడ్ సర్వరు అద్దె, అప్పుడప్పుడు బ్యాటరీలు. ఆ పోలిక తలచుకుంటే మేము చాలా సుఖంగా ఉన్నాం.

అఫ్గానిస్తాన్ భాగం అక్క చదివింది. తాలిబన్లు 2021 ఆగస్టు 15న కాబూల్ పట్టుకున్నాక దేశం విడిచిన విలేకరుల్లో ఆడవాళ్లు చాలామంది. కెనడాలో ఉన్న జహ్రా నాదెర్ 2022లో జన్ టైమ్స్ స్థాపించారు. అఫ్గాన్ ఆడవాళ్ల మీద, ఆడవాళ్లే ఎక్కువగా నడిపే వార్తా సంస్థ. లోపల పనిచేసే వాళ్ల విలేకరులు మారుపేర్లతో రాస్తారు. 2024 ఆగస్టులో తాలిబన్లు తెచ్చిన నైతికత చట్టం, ఆడదాని గొంతు పరాయి మగవాళ్ల చెవిన పడకూడదంది. బహిరంగంగా పాడటం, బిగ్గరగా చదవడం కూడా నిషేధమే.

ఆ వాక్యం చదివాక అక్క కాగితం కింద పెట్టి, "మరి నేను గట్టిగానే చదువుతాను" అంది. ఫ్యాను ఆపి, మళ్లీ మొదటినుంచి చదివింది. మిగతా భాగాల కంటే ఇది కొంచెం బిగ్గరగా వినపడుతుంది. మేనకోడలు లెవెల్ తగ్గించబోతే వద్దన్నాను.

అక్టోబరు

మొదటి భాగాలు బయటికి వెళ్లాయి. శుక్రవారం విడుదల చేస్తున్నాం, కువైట్‌లో సెలవు దొరికినవాళ్లకి దొరికేది ఆరోజే. వాళ్ల గడియారం మనకి రెండున్నర గంటలు వెనక. అందుకని మన పదిన్నరకి పెడితే వాళ్లకి ఎనిమిది.

జవాబులు వాయిస్ మెసేజ్‌లుగా వస్తున్నాయి, ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక. సగం మంది బురుండి గురించి, చమోరో గురించి అడుగుతున్నారు. "ఆయన అమ్మగారు ఉన్నారా?" అని ఒకావిడ. లేరని, వియోలెటా చమోరోగారు 1990లో నికరాగ్వా అధ్యక్షురాలయ్యారని, 2025 జూన్‌లో కోస్టారికాలోనే కన్నుమూశారని జవాబు పంపాను. కొడుకున్న దేశంలోనే.

మిగతా సగం సొంత ప్రశ్నలు. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరైనది) మీద 28 ఏళ్ల చెల్లెల్ని పంపచ్చా? పంపకూడదు, 30 ఏళ్లు నిండాలి. విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్లి అక్కణ్ణుంచి వేరే దేశం పంపిస్తామంటున్నారు, నిజమా? ఆ దారిలో వెళ్తే ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, ఎంబసీ దగ్గర మీ పేరే ఉండదు. సరైన దారిలో వెళ్లేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, రెండేళ్లకి 275 రూపాయలు, 10 లక్షల బీమా. ఇలాంటివి వచ్చే భాగం నుంచి చివర రెండు నిమిషాలు అక్క గొంతుతో చెప్పించబోతున్నాం.

వరదలప్పుడు వాయిదా పడ్డ లంక ఊరి ఆవిడతో ఎట్టకేలకు మాట్లాడాం. ఆమె ఊరిలో కాదు, అమలాపురంలో, వైద్యానికి వచ్చినప్పుడు. పూర్తయిన భాగం విని మూడో అనుమతి ఇవ్వలేదు. చెల్లెలికి ఇంకా అకామా రెన్యువల్ కావాలంది. చెరిపేశాం.

నవంబరు, మొదటి వారం

మయన్మార్ భాగం స్క్రిప్టు పూర్తయింది. డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా (బర్మా అంటే మయన్మార్ పాత పేరే) అనే రేడియో 1992లో నార్వే రాజధాని ఓస్లో నుంచి షార్ట్‌వేవ్ మీద మొదలైంది. దేశం కాస్త తెరుచుకున్నాక లోపలికి వెళ్లింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది, మార్చిలో లైసెన్సు రద్దు చేసింది. మళ్లీ ప్రవాసం. ఆ మేలో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో దాని విలేకరులు ముగ్గుర్ని అక్రమంగా సరిహద్దు దాటారని అరెస్టు చేశారు. వెనక్కి పంపితే ప్రాణాలకే ముప్పని లోకమంతా గోల పెట్టింది. చివరికి వాళ్లని మూడో దేశానికి చేర్చారు.

మొదట మాట్లాడిన ఖద్దామా వీసా ఆవిడ తన భాగం మళ్లీ విని ఫోను చేసింది. ఒక ముక్క కలపమంటోంది. పాస్‌పోర్టు చేతికివ్వమని యజమానిని అడిగేటప్పుడు ఏ మాటలు వాడాలో, ఎవరు పక్కనుండగా అడగాలో, ఇవ్వకపోతే ఎంబసీకి ఏ కాగితం జిరాక్సు తీసుకెళ్లాలో తను నేర్చుకుందట. "వెళ్లేవాళ్లకి అది చెప్పండి తమ్ముడూ, నా ఏడుపు తగ్గించి అది పెట్టండి" అంది. మేనకోడలు ఆ భాగం మళ్లీ తెరిచింది. నరసాపురం ఆవిడ ఎల్లుండి చదవడానికి వస్తోంది. అది కుదిరితే ఈ శుక్రవారమే, లేకపోతే వచ్చే శుక్రవారం.